బోర్డు మీద అంతా పచ్చగానే ఉంది

బందరు రాజుపేటలో మందుల షాపు పక్కనున్న ఇరుకు మెట్లెక్కి పైకి వెళ్తే కృపా డిజైన్స్ వస్తుంది. కింద వేలాడే బోర్డు చూసి పెద్ద ఆఫీసు అనుకునేరు! రెండు గదులు, ఒక వరండా, నాలుగు కంప్యూటర్లు, ఒక్క ఏసీ. ఆ ఏసీ కూడా మనుషుల కోసం కాదు, ప్రింటరు కోసం. ఎండాకాలం వచ్చిందంటే అందరికీ ప్రింటరు గదిలోనే పని పడుతుంది. ఏదో కాగితం వెతుకుతున్నట్టు లోపలికెళ్ళి, కాసేపు చల్లబడి బయటికొస్తారు.

దాని యజమానురాలు కృపాకుమారి. నలభై దాటిన మనిషి. గొంతు పెద్దది, మనసు మెత్తన, కోపం ముక్కు మీదే ఉంటుంది. వాళ్ళది దివిసీమ, నాగాయలంక అవతల ఓ ఊరు. తండ్రి దైవాధీనం బోర్డులు రాసేవాడు. పడవల మీద పేర్లు, చర్చి గోడల మీద వాక్యాలు, ఎరువుల కొట్లకి బోర్డులు, ఎలక్షన్లొస్తే పిలిచిన ప్రతి పార్టీకీ గుర్తులు. ఆయన పక్కన చతికిలబడి రంగులు కలుపుతూనే ఈమెకి అక్షరం ఎంత లావుండాలో, ఎక్కడ సన్నబడాలో తెలిసింది. తర్వాత ఫ్లెక్సులొచ్చాయి. ఆయన పని పోయింది. నాన్న నోటి దగ్గర కూడు లాక్కున్న ఆ కంప్యూటరు మీదే నేను బతికి చూపిస్తానని పంతం పట్టి, గుడివాడలో ఓ ప్రింటింగ్ ప్రెస్సులో చేరి పని నేర్చుకుంది. అక్కడ ఓనరు ఈమె చేసిన పెళ్ళికార్డుల్ని తనే చేసినట్టు చెప్పుకుంటూ, ఈమెనేమో టీలు తెమ్మనేవాడు. అది పడలేకే సొంతంగా పెట్టుకుంది.

పెట్టుకోవడం ఒకెత్తు, నిలబెట్టుకోవడం ఇంకొకెత్తు. మొదట్నుంచీ తోడున్నవాడు ఎలీషా. వాళ్ళ చర్చి సంఘం వాడే, అక్కా అక్కా అంటూ తిరుగుతాడు, పుస్తకాల పేజీలు పెట్టే పని చక్కగా చేస్తాడు. ఆ తర్వాత చేరినవాడు మోహన్. బ్యానర్లూ ఫ్లెక్సులూ అతనివి. ఆఖరున వచ్చింది శాంతి. పెదపారుపూడి పిల్ల. రోజూ గుడివాడ వచ్చి, అక్కడ పాసింజరెక్కి బందరు వస్తుంది. మాట తక్కువ, చెయ్యి మాత్రం బంగారం. బొమ్మ గీసిందంటే కృపాకుమారి అంతటి మనిషి కూడా అరవడం ఆపేసి చూస్తూ నిలబడిపోతుంది.

ఇక ఆ షాపు నడిచే పద్ధతంటారా, పద్ధతంటూ ఏమీ లేదు. పనులన్నీ కృపాకుమారి బుర్రలోనూ, ఆమె ఫోన్‌లో వచ్చిన వాయిస్ మెసేజుల్లోనూ ఉండేవి. చిలకలపూడి రోల్డుగోల్డు వాళ్ళ నగల కార్డులు, ప్రైవేటు స్కూళ్ళ అడ్మిషన్ పోస్టర్లు, బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు. ఎవరు ఫోన్ చేసినా ఆమె జవాబు ఒక్కటే: "అయిపోయిందండీ! పంపించేస్తున్నాం."

ఈ మాట సంగతి కాస్త చెప్పుకోవాలి. బందరులో టైలరు దగ్గరికెళ్ళి జాకెట్టు అయిందా అని అడగండి. అయిపోయిందండీ, హుక్సులే ఆలస్యం అంటాడు. గుడ్డ ఇంకా మీరిచ్చిన కవర్లోంచి బయటికే వచ్చి ఉండదు. అలాగని అతన్ని అబద్ధాలకోరు అని ఎవరూ అనరు. అడిగినావిడకీ తెలుసు, చెప్పినతనికీ తెలుసు. ఎదురుగా నిలబడ్డ మనిషి మొహం మీద కాలేదు అని కొట్టినట్టు చెప్పడం మర్యాద కాదు, అంతే. మీ పని నాకు గుర్తుంది, మీరు వెళ్ళి రండి అని చెప్పే తీరు అది. శాంతి చేరిన కొత్తలో ఎవరో ఫోన్ చేస్తే "ఇంకా మొదలుపెట్టలేదండీ" అనేసింది. కృపాకుమారికి గుండె ఆగినంత పనైంది. "కాలేదు అనే మాట మన షాపులో వినపడకూడదమ్మాయ్! ఆ మాట విన్నాక ఎవడైనా ఆగుతాడా? మెట్లు దిగి పక్క షాపుకి పోడూ?" అని క్లాసు పీకింది.

ఇన్నేళ్ళూ అలాగే నడిచింది, బాగానే నడిచింది. పీకల మీదకి వచ్చింది శామ్యూల్ రాజ్ గారి బస్తా దగ్గర.

శామ్యూల్ రాజ్ గారిది ముదినేపల్లిలో చేపల మేత ఫ్యాక్టరీ. కొల్లేటి దాకా చెరువుల రైతులందరికీ ఆయన మేతే. బస్తాల డిజైన్లు, క్యాలెండర్లు, గోడ బోర్డులు అన్నీ కృపా డిజైన్స్‌కే ఇచ్చేవారు. నిజం చెప్పాలంటే షాపు నడుస్తున్నది ఆయన పని మీదే. పెళ్ళిళ్ళు మూఢం వస్తే ఆగిపోతాయి, చేపలకి మూఢం లేదు కదా. అలాంటాయన కొత్త బస్తా డిజైన్ని, ఇంకా బజార్లోకి రానిదాన్ని, మోహన్ పొరపాటున ఇంకో మేత కంపెనీ వాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు. ఇద్దరిదీ మేతే, ఇద్దరిదీ బస్తానే, ఇద్దరి మెసేజులూ ఒకదాని కిందొకటి వచ్చాయి. ఏం చెప్తాం!

శామ్యూల్ రాజ్ గారు స్వయంగా మెట్లెక్కి వచ్చారు. ఆయన ఆ షాపుకి రావడం అదే మొదలు.

"మా బస్తా నేను వేరేవాడి ఫోన్‌లో చూశానమ్మా," అన్నారు. గొంతు పెంచలేదు.

కృపాకుమారి ఏడుపొక్కటే తక్కువగా బతిమాలింది. ఆయన కాసేపు నేలకేసి చూసి, "మీ నాన్నగారు మా పాత గోదాముకి రాసిన బోర్డు ఇప్పటికీ ఉంది. ఆ మొహమాటంతో ఒక్క మాట చెప్తున్నా. మా అల్లుడి ఆఫీసులో ఏ పని ఎక్కడిదాకా వచ్చిందో కంప్యూటర్లో కనిపిస్తుందట. ఏదో సాఫ్ట్‌వేరు. మీరూ అలాంటిది పెట్టుకోండి. వచ్చే శనివారం గుడివాడలో మా డీలర్ల మీటింగు. కొత్త మేతలు విడుదల చేస్తున్నాం. ఆ పనంతా మీకే. అది సరిగ్గా అయితే ఇంకెవరి దగ్గరికీ వెళ్ళను. అదీ పాడైందా, ఇంక నన్నడగొద్దు," అని లేచారు.

ఆయన మెట్లు దిగి వెళ్ళిపోయారు. ఈ పని పోతే షాపు మూసెయ్యడమేనని అక్కడున్న నలుగురికీ తెలుసు. ఎలీషా పెళ్ళాం పిల్లల్ని పెట్టుకుని ఎక్కడికెళ్తాడు? కృపాకుమారి మళ్ళీ గుడివాడ వెళ్ళి ఎవడి ప్రెస్సులోనో కూర్చుని, వాడికి టీలు తేవాలా?

ఆ రోజు నుంచి మొదలైంది సాఫ్ట్‌వేరు వేట. భగవంతుడా, ఆ వేట పగవాళ్ళకి కూడా వద్దు! నెట్‌లో వెతికితే ఒకటా రెండా, కుప్పలు తెప్పలుగా వచ్చిపడ్డాయి. ప్రతిదాని మొదటి పేజీలోనూ తెల్లటి బల్ల చుట్టూ కూర్చుని పళ్ళికిలిస్తున్న మనుషులు. ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ చేస్తూ అంత నవ్వెలా వస్తుందో ఆమెకి అర్థం కాలేదు. అన్నిట్లోనూ ఫ్రీ ట్రయలే. ఒకదాంట్లో పనులన్నీ పొడుగాటి పట్టీల్లా కనిపిస్తాయి. ఒక పట్టీ జరిపితే మిగతావన్నీ జరిగిపోతాయి. ఓ పాస్టరు గారు సువార్త సభల తేదీ మార్చారని ఆమె ఒక పట్టీ జరిపిందో లేదో, చిలకలపూడి వాళ్ళ నగల కార్డు క్రిస్మస్ దాకా వెళ్ళిపోయింది. దాన్ని వెనక్కి లాగేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

ఇంకోదాంట్లో ఎవరు ఏ పని మీద ఎంతసేపు కూర్చున్నారో రాయాలి. ఎలీషా నిజాయితీగా "టీ" అని రాశాడు. ఆ తర్వాత మళ్ళీ "టీ" అని రాశాడు. మరోదాంట్లో తెలుగు అక్షరాలన్నీ డబ్బాలైపోయాయి. ఇంకోటి మాటలాడుకునే తరహాది, గ్రూపులాగా ఉంటుంది. ఇదేదో మనకి అలవాటైనదే అని ఆమె సంబరపడింది. తెల్లారేసరికి అందులో ఎలీషా పెట్టిన 'ఈ రోజు వాగ్దానం' అనే బైబిలు వాక్యం, మోహన్ పెట్టిన శుభోదయం పూలు, వాటికి దణ్ణాలు, ఆమెన్‌లు. పని ఎక్కడో అడుక్కి పోయింది.

"ఇది కూడా వాట్సాపేనక్కా, కాకపోతే డబ్బులు కట్టాలి," అన్నాడు ఎలీషా.

"నోర్ముయ్!" అంది కృపాకుమారి. అని, బాత్రూములోకెళ్ళి కుళాయి తిప్పి కాసేపు ఏడ్చింది. మీటింగు మీదకొచ్చేస్తోంది. పనులు మొదలుపెట్టాల్సిన రోజులన్నీ పాస్‌వర్డులు మర్చిపోవడానికీ, మళ్ళీ పెట్టుకోవడానికీ సరిపోతున్నాయి.

చివరికి గొడుగుపేటలో ఉండే రాంప్రసాద్‌ని పిలిపించింది. కోర్టు గుమస్తా గారబ్బాయి. బెంగళూరు కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తాడు. చాలా మర్యాదస్తుడు. వచ్చి, కుర్చీ అంచున కూర్చుని, "మీ వర్క్ ఎలా నడుస్తుందండీ?" అని అడిగాడు.

"ఏముంది బాబూ! ఫోన్ మోగుతుంది. నేను అరుస్తాను. వాళ్ళు చేస్తారు."

"ఏ పని ముందు చెయ్యాలనేది ఎలా తెలుస్తుందండీ?"

"ఎవరొచ్చి ఎదురుగా కూర్చుంటే వాళ్ళది ముందు. మనిషి కూర్చునుండగా వేరేవాళ్ళ పని ఎలా చేస్తాం, బాగుంటుందా?"

రాంప్రసాద్ నవ్వాపుకుని, ఉన్నవాటిల్లోకెల్లా తేలికైనది ఒకటి పెట్టిచ్చాడు. బోర్డు లాంటిది. ప్రతి పనికీ ఒక కార్డు. మూడు వరసలు: చెయ్యాల్సినవి, జరుగుతున్నవి, పూర్తయినవి. పని అయిపోగానే కార్డుని పూర్తయినవాటిలోకి లాగితే అది పచ్చగా మారుతుంది. గడువు దాటినా అక్కడికి చేరకపోతే దానంతటదే ఎర్రబడుతుంది. తెలుగు అక్షరాలు డబ్బాలు కాలేదు. కృపాకుమారికి ప్రాణం లేచొచ్చింది. ఇంట్లో పిల్లల కోసం కొన్న టీవీ ఊడబెరికించి తెచ్చి, షాపు గోడకి బిగించి, బోర్డు దాంట్లో వచ్చేటట్టు పెట్టించింది. మెట్లెక్కి వచ్చిన ప్రతివాళ్ళకీ అది చూపించడం ఒక పనైపోయింది.

డీలర్ల మీటింగు పనిని మంగళవారం గడువు పెట్టి ముగ్గురికీ పంచింది. కొత్త మేత బస్తాలు శాంతికి, డీలర్లకిచ్చే రంగుల పుస్తకం ఎలీషాకి, హాలు బ్యానర్లూ స్టేజీ వెనక పెద్ద తెరా మోహన్‌కి. శామ్యూల్ రాజ్ గారికి ఫోన్ చేసి, "సాఫ్ట్‌వేరు పెట్టించామండీ. రోజూ సాయంత్రం బోర్డు ఫొటో తీసి మీకు పంపిస్తాను. మీరే చూసుకోండి," అంది.

"మంచి పని చేశారమ్మా," అన్నారాయన. ఆ మాట విని ఆమెకి ఎన్నాళ్ళకో కడుపునిండా అన్నం సహించింది.

మంగళవారం సాయంత్రం ఫొటో తీద్దామని ఫోన్ పట్టుకుని టీవీ ముందు నిలబడింది. ఎలీషా కార్డులు పచ్చ. మోహన్ కార్డులు పచ్చ. అంతా పచ్చటి వరిచేనులా ఉంటే, మధ్యలో శాంతి బస్తా కార్డు ఒక్కటీ ఎర్రగా నిలబడింది.

"ఇదేంటమ్మాయ్, ఇది ఎర్రగా ఉంది?"

"ఇంకా కాలేదక్కా," అంది శాంతి. "చేప బొమ్మ కుదరట్లేదు. వాళ్ళు పంపిన ఫొటోల్లో బొచ్చె ఏదో, శీలావతి ఏదో తెలీకుండా ఉంది. రైతులు చూడగానే గుర్తుపట్టేస్తారు కదా, తప్పుంటే నవ్వుతారు. పొలుసులు మళ్ళీ గీస్తున్నాను. ఇంకో నాలుగు రోజులు పట్టుద్ది."

ఆ పిల్ల చెప్పినదాంట్లో ఒక్క ముక్క తప్పులేదు. కానీ కృపాకుమారికి వినపడింది మాటలు కాదు. ఆమె కళ్ళ ముందు ఉన్నదల్లా ఆ ఎర్రరంగు, అది ఫొటోలో ముదినేపల్లి వెళ్ళడం, శామ్యూల్ రాజ్ గారు కళ్ళజోడు సవరించుకుని దాన్ని చూడడం.

"నాలుగు రోజులా? శనివారం మీటింగైతే నాలుగు రోజులంటావేంటి? చూడు, ఎలీషాకి అయింది. మోహన్‌కి అయింది. వాళ్ళకి పెళ్ళాం పిల్లలున్నారు, సంసారాలున్నాయి. వాళ్ళందరికీ అయినప్పుడు నీ ఒక్కదానికే ఎందుకవ్వదు? ఈ ఎర్రది ఆయన చూశారంటే మన షాపుకి తాళం పడుతుంది, నీకర్థమవుతోందా?"

పెళ్ళికార్డు కోసం వచ్చి కూర్చున్నవాళ్ళు కూడా తలలు తిప్పి చూశారు. శాంతి మొహం ఎర్రబడింది. సంచీ భుజానికి తగిలించుకుని రైలుకి వెళ్ళిపోయింది. ఎలీషా, మోహన్ తమ కంప్యూటర్లలోకి తలలు దూర్చేసుకున్నారు. ఆ రోజు కృపాకుమారి బోర్డులో ఎర్ర కార్డు పడకుండా పై సగమే ఫొటో తీసి పంపింది.

బుధవారం సాయంత్రానికి ఆ కార్డు కూడా పచ్చగా అయింది. బోర్డంతా పచ్చ! ఆమె ఆనందానికి హద్దుల్లేవు. "చూశావా, గట్టిగా అంటే అయిందా లేదా!" అని శాంతి వీపు తట్టింది. శాంతి తలెత్తలేదు. ఫొటో మొత్తం తీసి ఆయనకి పంపింది. "దేవునికి స్తోత్రం" అని జవాబొచ్చింది. కృపాకుమారి ఆ జవాబుని భర్తకి చూపించింది, పక్కింటావిడకి చూపించింది. రాంప్రసాద్‌కి స్వీట్ ప్యాకెట్ పంపించింది.

గురువారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఫైళ్ళన్నీ ఒకచోట చేర్చి విజయవాడ ప్రెస్సుకి పంపుదామని కూర్చుంది. ముందు బస్తాలు తెరిచింది. మొదటి దాంట్లో పేరుంది, రంగుంది, మధ్యలో చేప ఉండాల్సిన చోట పెన్సిలు గీతల్లాంటి గీతలున్నాయి. తల ఉంది, పొలుసులు సగం ఉన్నాయి, తోక లేదు. రెండోదాంట్లో అదీ లేదు. మూడోది తెల్లగా ఉంది.

పాత ఫైలేమోనని మళ్ళీ వెతికింది. లేదు. అదే.

"శాంతీ!" అని అరిచిన అరుపుకి కింద మందుల షాపతను బయటికొచ్చి పైకి చూశాడట. "ఏదమ్మా బస్తా? అయిపోయిందని పెట్టావు కదే! ఏదీ?"

శాంతి లేచి నిలబడింది.

తిట్టడానికి కూడా టైము లేదు. కృపాకుమారి వరండాలోకెళ్ళి శామ్యూల్ రాజ్ గారికి ఫోన్ కలిపింది. నాలుక మీదకి అలవాటైన మాటే వచ్చింది, అయిపోయిందండీ, కాస్త ఫినిషింగ్ ఉంది అని. కానీ ఏం ఫినిషింగ్? తోక లేని చేపకి ఫినిషింగేంటి? ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ మాట మింగేసి, "సార్, బస్తాలు కాలేదండీ. క్షమించండి. శనివారానికి కావు," అంది.

"ఈ ముక్క మంగళవారం చెప్పుండాల్సిందమ్మా," అన్నారాయన. "మీటింగు వచ్చే వారానికి మార్చేవాణ్ణి. హాలు మా బావమరిదిదే. డీలర్లు మనవాళ్ళే. ఎవడు కాదంటాడు? ఇప్పుడు అందరూ బయల్దేరి వచ్చేస్తున్నారు. భీమవరం వాళ్ళు రేపే దిగుతున్నారు."

కృపాకుమారి గోడకి చేరబడింది.

"సరే, జరిగిందేదో జరిగింది. బస్తా సంగతి తర్వాత చూద్దాం. పుస్తకం చేతిలో పెడితే డీలర్లు అదే చూసుకుంటారు. మిగతావన్నీ అయ్యాయిగా? నిన్న ఫొటోలో చూశాను, పచ్చగానే ఉన్నాయి."

"అయిపోయాయండీ! అవన్నీ అయిపోయాయి," అంది, వరదలో కొట్టుకుపోయేవాడికి కొమ్మ దొరికినట్టు ఆ మాట పట్టుకుని. "ఓ గంటలో పంపించేస్తాం సార్."

"పంపండి. మా మనిషిని ప్రెస్సు దగ్గరే కూర్చోబెడతాను. మీ నోటి మాట మీద హాలుకి బ్యానర్లు కట్టే వాళ్ళని కూడా పిలుస్తున్నా. చూసుకోండమ్మా."

ఫోన్ పెట్టేసి లోపలికొచ్చింది. షాపు ఇంకా పోలేదు. ఆ మహానుభావుడు ఇంకా తలుపు వేసెయ్యలేదు. ఆ ఊరటంతా కోపమై శాంతి మీదకి మళ్ళింది.

"ఆయనేమన్నారో తెలుసా? మంగళవారం చెప్పుంటే మీటింగే మార్చేవారట! ఒక్క మాట, ఒక్క మాట నోరు తెరిచి చెప్పుంటే సరిపోయేది. ఎందుకు చెప్పలేదు? నోట్లో ఏం పెట్టుకున్నావు?"

శాంతి కళ్ళనిండా నీళ్ళు. గొంతు మాత్రం వణకలేదు.

"చెప్పానక్కా," అంది. "మంగళవారమే చెప్పాను. ఇక్కడే. కాలేదని చెప్పాను, ఎందుకు కాలేదో చెప్పాను, నాలుగు రోజులు పడుతుందని కూడా చెప్పాను. మీరు అందరిలో నన్ను నిలబెట్టి, వాళ్ళందరికీ అయినప్పుడు నీ ఒక్కదానికే ఎందుకవ్వదు అన్నారు. నాకు సిగ్గేసింది. అందుకని పచ్చ చేశాను."

కృపాకుమారికి చెంప మీద కొట్టినా అంత తగిలేది కాదు. ఎర్ర కార్డు కనిపించకుండా ఫొటో తీసి పంపింది ఎవరు?

అప్పుడు ఎలీషా లేచాడు. చేతులు నలుపుకుంటూ, ఆమె కేసి చూడకుండా, "ఆ పిల్లని అనకక్కా," అన్నాడు. "మాకూ అవలేదు."

"ఏంటి మీకవలేదు?"

"పుస్తకం. అట్ట అయింది. లోపల పేజీలు పెట్టాలి."

కృపాకుమారి మోహన్ కేసి చూసింది. అతను అప్పటికే తల దించేసుకున్నాడు. "బ్యానర్లూ తెరా కూడా మేడం. ఎలా ఉండాలో అంతా బుర్రలో ఉంది. కూర్చుంటే అయిపోతుంది."

"మరి పచ్చ? సోమవారం నుంచీ పచ్చగా ఉన్నాయి కదరా!"

"మీరు అయిందా అని అడిగారు కదా మేడం," అన్నాడు మోహన్. ఆ మాటలో ఎకసెక్కెం లేదు, తప్పించుకునే తెలివీ లేదు. ఉన్న సంగతే చెప్పాడు. "మీరడిగితే కాలేదని ఎలా అంటాం?"

"చేసేద్దామనే అనుకున్నామక్కా," అన్నాడు ఎలీషా. "పెళ్ళిళ్ళవాళ్ళు వచ్చి కూర్చుంటున్నారు. లేవట్లేదు. శామ్యూల్ రాజ్ గారు ఎప్పుడూ వచ్చి కూర్చోరు కదా."

గోడ మీద టీవీ తన మానాన తాను వెలుగుతోంది. పై నుంచి కింద దాకా పచ్చ. ఒక్కటంటే ఒక్కటి కూడా నిజం కాదు. నిజంగా ఉన్న ఒక్క ఎర్ర కార్డునీ తనే తన నోటితో తరిమేసింది. కృపాకుమారి కుర్చీలో కూలబడింది. అరవాలనుకుంది. ఎవర్నని అరుస్తుంది? కాలేదు అనే మాట ఈ షాపులో వినపడకూడదని పదేళ్ళుగా వాళ్ళ చెవుల్లో ఇల్లు కట్టుకుని చెప్పింది తనే కదా. పాపం, వాళ్ళు నేర్చుకున్నారు.

"ఒక గంటలో ఎంతవుతుంది ఎలీషా?" అని అడిగింది. అడగడం ఆశ కొద్దీ అడిగింది.

ఎలీషా నోరు తెరిచాడు. చాలా అయిపోతుందక్కా అని అనబోయి, శాంతి కేసి చూసి ఆగిపోయాడు. "ఏమీ అవదక్కా," అన్నాడు.

అక్కడ ప్రెస్సు దగ్గర ఆయన మనిషి కూర్చుని ఉంటాడు. గుడివాడలో హాలు దగ్గర బ్యానర్లు కట్టేవాళ్ళు నిచ్చెనలు దించుతుంటారు. కృపాకుమారి ఫోన్ తీసుకుంది. ఈసారి వరండాలోకి వెళ్ళలేదు. ముగ్గురి ముందే కూర్చుని ఆయన నంబరు నొక్కింది. రెండుసార్లు మోగగానే ఎత్తారు.

"చెప్పమ్మా, పంపేశారా?"

"లేదండీ. పుస్తకం కాలేదు. బ్యానర్లు కాలేదు. తెర కాలేదు. ఏదీ కాలేదండీ. ఇందాక నేను చెప్పింది అబద్ధం. నాకు తెలీక చెప్పాను, కానీ అబద్ధమే. ఆ ఫొటోలు కూడా అబద్ధమే. ఆ పిల్ల ఒక్కతే నిజం చెప్పింది, దాన్ని నేనే..." అని ఆ పైన చెప్పలేకపోయింది.

ఆయన తిట్టి ఉంటే ఏదోలా ఉండేది. ఈ చుట్టుపక్కల మనిషి గొంతు పెంచి తిడుతున్నాడంటే ఇంకా మనవాడే, రేపో మాపో మళ్ళీ మెట్లెక్కుతాడు. ఏంటమ్మా ఈ పని, నీకు బుద్ధుందా, నన్ను నలుగురిలో నవ్వులపాలు చేస్తావా అంటారని ఎదురుచూసింది. మనసులో బతిమాలుకుంది కూడా, తిట్టండి సార్, ఒక్కసారి తిట్టండి అని.

"సరేనండీ," అన్నారు శామ్యూల్ రాజ్ గారు. ఎప్పుడూ అమ్మా అని పిలిచే మనిషి, ఆ రోజు అండీ అన్నారు. "ఉంటానండీ" అని ఫోన్ పెట్టేశారు.

కృపాకుమారి ఫోన్ బల్ల మీద పెట్టి ముగ్గురి మొహాలూ చూసింది. వాళ్ళు అడగలేదు. ఆమెకి చెప్పడం తప్పలేదు.

"అయిపోయింది," అంది.